టూరిస్టు వీసా మీద టీచరుద్యోగం

థాయిలాండ్‌లో బళ్లు మే నెల మధ్యలో తెరుస్తారు. మన వైపు ఏజెంట్ల ఫోన్లు ఏప్రిల్‌లో ఊపందుకునేది అందుకే. బీయస్సీ, బీఎడ్ చేసి తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్న అమ్మాయికి ఈ వేసవిలో అలాంటి ఫోనొకటి వచ్చింది. జీతం నెలకి 28,000 బాత్. బాత్‌కి రెండున్నర రూపాయలు వేసుకున్నా డెబ్బై వేలు. ఇక్కడ ఆమెకి వచ్చేది పద్నాలుగు వేలు. ఆఫర్ లెటరు వాట్సాప్‌లో వస్తే వాళ్ల నాన్న దాన్ని ప్రింటు తీయించుకుని సలహా కోసం రామ్మోహనరావు గారి దగ్గరికి పట్టుకొచ్చాడు.

రామ్మోహనరావు గారు జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆలస్యంగా వచ్చిన టీచరు పేరు పక్కన ఎర్రసిరా గీత పడకుండా ఆయన రిజిస్టరు మూసేవారు కాదని ఆయన కింద పనిచేసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన చెల్లెలి కూతురు వసంత బ్యాంకాక్‌ని ఆనుకుని ఉన్న నొంతబురిలో కొన్నేళ్లుగా టీచరు. ఆమె కాగితాలు సక్రమంగానే ఉన్నాయి. సెలవులకి వచ్చి ఉంది. ఆ ప్రింటు కాగితం మీద మేనమామకీ మేనకోడలికీ మొదలైన వాదన నేను విన్నంతవరకు ఇది. ఆయన చట్టం వైపు, ఆమె టీచర్ల వైపు అని మొదట్లో సులువుగా లెక్కేసుకున్నాను.

రామ్మోహనరావు: నాలుగో పేరా చదవమ్మా. "ప్రస్తుతానికి టూరిస్టుగా రాగలరు. మూడు నెలల ప్రొబేషన్ పూర్తయ్యాక వీసా, వర్క్ పర్మిట్ పని స్కూలే చూసుకుంటుంది." ఇంకా ఆలోచించడానికేముంది? టూరిస్టుగా దిగి పాఠం చెబితే మొదటిరోజే నేరం. తెలిసి చేసే నేరం. పట్టుకుని పంపించేస్తే అయ్యో పాపం అనడానికి నాకు నోరు రాదు.

వసంత: నేరం కాదని నేనూ అనను మావయ్యా. ఎవరి నేరం అన్న దగ్గరే పేచీ. ఈ కాగితం రాసింది ఆ అమ్మాయి కాదుగా.

రామ్మోహనరావు: సంతకం పెట్టేది ఆ అమ్మాయే. పాస్‌పోర్టూ ఆ అమ్మాయిదే.

వసంత: ముందు ఈ పేరాలో అబద్ధమెంతో చూడండి. మొత్తం అబద్ధమైతే ఎవరూ పడరు. టూరిస్టుగా దిగినా, ఉండే గడువులో కనీసం పదిహేను రోజులు మిగిలి ఉండగా, స్కూలు తన కాగితాలన్నీ ఇస్తే, అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులోనే నాన్-ఇమిగ్రెంట్ బి వీసాకి మార్చుకోవచ్చు. అది చట్టం ఒప్పుకునే దారే. ఏజెంటు మింగేసేది ఆ తర్వాతి ముక్క. వీసా మారినంత మాత్రాన క్లాసులోకి వెళ్లకూడదు. వీసా దేశంలో ఉండటానికి, వర్క్ పర్మిట్ పని చేయడానికి. మొదటిది ఇమిగ్రేషన్‌ది, రెండోది కార్మిక శాఖది. ఇవి కాక పాఠం చెప్పడానికి ఖురుసభ అని వాళ్ల ఉపాధ్యాయ మండలి ఉంది, దాని లైసెన్సన్నా ఉండాలి, తాత్కాలిక అనుమతన్నా ఉండాలి. మూడు గుమ్మాలు ఎక్కి దిగాలి. వీళ్లు మూడు నెలలు పాఠం చెప్పించుకుని ఆ తర్వాత మొదటి గుమ్మం చూపిస్తామంటున్నారు.

రామ్మోహనరావు: ఇంత తెలిసినదానివి, ఇంకా ఆ అమ్మాయిని వెనకేసుకొస్తావేం?

వసంత: తెలిసింది నాకు. తెనాలిలో కూర్చున్న పిల్లకెలా తెలుస్తుంది? మనవాళ్లకి వీసా లేకుండానే దిగనిస్తున్నారని 2023 నవంబరు నుంచి అందరూ టికెట్లు కొనుక్కుంటున్నారు. వెళ్లిరావడం తేలికైంది, దాంతో పని చేయడమూ తేలికే అనుకుంటున్నారు. ఏజెంటు ఆ తేలికనే అమ్ముతున్నాడు.

రామ్మోహనరావు: తెలియకపోవడం సాకు కాదు. సరే, పట్టుబడితే ఏం చేస్తారో చెప్పు.

ఈ ప్రశ్నకి వసంత నేరుగా జవాబు చెప్పకుండా 2017కి వెళ్లింది. చుట్టుతిరుగుడు అనిపించింది కానీ, ఆ దేశపు చట్టం ఎవరిని చూసి బెదిరింది, ఎవరిని చూసి బెదరలేదు అన్నది ఆ దారిలోనే తెలిసింది.

వసంత: 2017 జూన్ 23న అక్కడ విదేశీ పనివాళ్ల మీద కొత్త ఆర్డినెన్సు వచ్చింది. పర్మిట్ లేకుండా పని చేస్తే అయిదేళ్ల దాకా జైలు, లేదా 2,000 నుంచి లక్ష బాత్ దాకా జరిమానా, లేదా రెండూ. పెట్టుకున్న యజమానికి మనిషికి నాలుగు లక్షల నుంచి ఎనిమిది లక్షల బాత్. అంత కఠినంగా రాశారు. రాసిన కొద్దిరోజుల్లోనే మయన్మార్, కంబోడియా కూలీలు వేలకి వేలు సరిహద్దుల వైపు పరుగెత్తారు. కట్టుబడి పనులు ఆగిపోయాయి. యజమానులు గగ్గోలు పెట్టారు. జులై మొదటివారంలోనే సైనిక ప్రభుత్వం తన ప్రత్యేకాధికారం వాడి ఆ శిక్షల సెక్షన్లని పక్కన పెట్టింది. 2018 మార్చిలో సవరించింది. ఇప్పుడు పని చేసినవాళ్లకి జైలు లేదు. 5,000 నుంచి 50,000 బాత్ జరిమానా, దేశం నుంచి పంపేయడం, రెండేళ్ల దాకా పర్మిట్ ఇవ్వకపోవడం.

రామ్మోహనరావు: మంచిదేగా. జైలు తీసేశారు.

వసంత: యజమానిది కూడా చూడండి. ఎనిమిది లక్షల నుంచి లక్షకి దిగింది. ఇప్పుడు మనిషికి 10,000 నుంచి లక్ష బాత్. మళ్లీ మళ్లీ చేస్తేనే ఏడాది దాకా జైలు, లేదా 50,000 నుంచి రెండు లక్షలు, దాంతోపాటు మూడేళ్లు విదేశీయుల్ని పెట్టుకోకూడదని నిషేధం. ఇంగ్లీషు మీడియం అని బోర్డు పెట్టి ఒక్కో పిల్లవాడి దగ్గర టర్ముకి వేలకి వేలు గుంజే స్కూలుకి లక్ష బాత్ ఏ మూలకి? టీచరుకి యాభై వేలంటే దాదాపు రెండు నెలల జీతం. పైగా టికెట్ డబ్బులు కూడా తనే పెట్టుకోవాలి.

రామ్మోహనరావు: నువ్వు జరిమానాలే లెక్క వేస్తున్నావు. అసలు దెబ్బ పాస్‌పోర్టు మీద. రేపు అమెరికాకో కెనడాకో అర్జీ పెడితే ఫారంలోనే అడుగుతారు, ఏ దేశం నుంచైనా నిన్ను పంపించేశారా అని. అవునంటే ఒక చిక్కు, కాదని అబద్ధమాడితే ఇంకా పెద్ద చిక్కు. ముప్ఫై ఏళ్లు కూడా నిండని పిల్ల మూడు నెలల జీతం కోసం ఆ ప్రశ్నని జీవితాంతం మోయాలి. అందుకే వద్దంటున్నాను. కఠినంగా మాట్లాడేది పగతో కాదు.

వసంత: వద్దనడంలో మీకూ నాకూ తేడా లేదు.

రామ్మోహనరావు: ఉంది. నువ్వు చట్టాన్ని తిడుతూ వద్దంటున్నావు. గడువు దాటి ఉన్నవాళ్ల సంగతి చూడు, నువ్వే ఒకసారి చెప్పావు. రోజుకి 500 బాత్, ఎంత ఉన్నా 20,000 మించదు. తొంభై రోజుల్లోపు తనంతట తను ఎయిర్‌పోర్టుకి వచ్చి జరిమానా కట్టి వెళ్లిపోతే నిషేధం లేదు. అదే పోలీసులకి చిక్కితే, దాటింది ఏడాది లోపైనా సరే, అయిదేళ్లు ఆ దేశం మొహం చూడకూడదు. ఇందులో అన్యాయమేముంది? ఒప్పుకున్నవాడికి ఒకటి, దాక్కున్నవాడికి ఒకటి. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడూ అదే పద్ధతి.

వసంత: ఆ నియమం మంచిదే. 2016లో పెట్టారు. కానీ అది గడువు గురించి. పర్మిట్ లేకుండా పని చేసిన టీచరు తనంతట తను వెళ్లి, "అయ్యా, స్కూలు నన్నిలా పెట్టుకుంది, రెండు నెలల జీతం ఆపింది" అని చెబితే? ముందు జరిమానా పడేది ఆ చెప్పినవాళ్లకే. ఒప్పుకున్నందుకు అక్కడేం తగ్గింపు ఉంది?

రామ్మోహనరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వాదనలో దెబ్బ తగిలినప్పుడు ఆయన చేసే పని అది. తిరిగి పెట్టుకునేసరికి ఇంకో వైపు నుంచి వచ్చారు. నా మటుకు నాకు ఆయన వాదనల్లో బలమైనది ఇదే అనిపించింది.

రామ్మోహనరావు: నువ్వు మొదట్నుంచీ టీచరు, స్కూలు, ఏజెంటు అంటున్నావు. క్లాసులో ఇంకొకళ్లున్నారు. పిల్లలు. 2007లో థాయిలాండ్‌లోని కొరాట్‌లో ఒక కెనడావాడిని పట్టుకున్నారు, గుర్తుందా? పసిపిల్లలని పాడుచేసినవాడు. ఇంటర్‌పోల్ వాడి ఫొటో ప్రపంచమంతా వేసి వెతికించింది. చేస్తున్నదేమిటయ్యా అంటే టీచరుద్యోగం. కొరియాలో పాఠాలు చెబుతూ అక్కణ్ణుంచి థాయిలాండ్‌కి పారిపోయాడు. ఆ ఏడాది చివర్లోనే కొరియా విదేశీ ఇంగ్లీషు టీచర్లకి నేరచరిత్ర లేదన్న సర్టిఫికెట్టు, వైద్య పరీక్ష తప్పనిసరి చేసింది. వీసా అంటే పన్ను కాదు వసంతా. ఎవరో తెలియని మనిషి పిల్లల గదిలోకి వెళ్లేముందు ఎవరో ఒకరు ఆ మనిషి ఎవరని అడగడం. టూరిస్టుగా దిగినవాళ్లని అది ఎవరడుగుతారు? మనమ్మాయి బంగారం. కానీ ఆ గుమ్మం తీసి ఉంచితే లోపలికి వచ్చేది మనమ్మాయి ఒక్కతే కాదు.

వసంత: దీన్ని నేను కొట్టిపారేయను. కానీ అతను దొడ్డిదారిన దూరిన మనిషి కాదు మావయ్యా. స్కూళ్లు పిలిచి ఉద్యోగమిచ్చాయి. వాకబు చేయాల్సింది ఉద్యోగంలో కూర్చోబెట్టేవాళ్లు. మీరు చెప్పే ఆ ప్రశ్న అడగకుండా టీచర్ని క్లాసులోకి పంపేది ఎవరు? ఈ నాలుగో పేరా రాసినవాళ్లు. పిల్లల భద్రత పేరు చెప్పి శిక్ష వేయాలంటే మొదట వాళ్లకే పడాలి.

రామ్మోహనరావు: ఇద్దరికీ పడాలి. మన దేశంలో మాత్రం? టూరిస్టుగా వచ్చిన విదేశీయుడు మన హైస్కూల్లో జీతం తీసుకుని పాఠం చెబితే ఊరుకుంటామా? పోయిన సంవత్సరం సెప్టెంబరు నుంచి, అంటే 2025 నుంచి, కొత్త విదేశీయుల చట్టం అమల్లో ఉంది. వీసా షరతు తప్పితే మూడేళ్ల దాకా జైలు, లేదా మూడు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మనమేం తక్కువ తినలేదు. బీఎడ్ చేసి డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు మన దగ్గర ఎంతమంది లేరు? అక్కడా అంతే. వాళ్ల కడుపు కొట్టి చేసే ఉద్యోగం అది.

వసంత: అక్కడ ఇంగ్లీషులో లెక్కలు చెప్పేవాళ్ల కోసం కాదూ మమ్మల్ని పిలిచేది! తెల్లవాళ్లని పెడితే ఎక్కువివ్వాలి. ఫిలిప్పీన్స్ వాళ్లూ మనవాళ్లూ తక్కువకి వస్తారు. కాగితాలు లేని మనవాళ్లు ఇంకా తక్కువకి, పైగా నోరెత్తకుండా వస్తారు. అసలు కిటుకు ఇదే మావయ్యా. పర్మిట్ ఆలస్యం అవుతోందంటే ఆఫీసుల్లో ఆలస్యమని మీరనుకుంటారు. కొన్నిచోట్ల ఆ ఆలస్యమే స్కూలుకి లాభం. ప్రొబేషన్ అయ్యేదాకా పర్మిట్ లేదు కాబట్టి టీచరు వేరే స్కూలుకి వెళ్లలేదు, జీతం ఆపితే అడగలేదు, శనివారం అడ్మిషన్ల క్యాంపుకి రమ్మంటే రానని చెప్పలేదు. మొదటి నెల జీతంలో కొంత డిపాజిట్ అని పట్టుకుంటారు. రిజిస్ట్రేషన్ కోసమని పాస్‌పోర్టు తీసుకుని ఆఫీసు బీరువాలో పెడతారు. అలా లాక్కోవడం ఆ దేశంలోనూ నేరమే. కానీ అడిగేవాళ్లేరి? అడగాలంటే స్టేషనుకి వెళ్లాలి, వెళితే "నీ పర్మిట్ ఏదీ" అన్నదే మొదటి ప్రశ్న.

రామ్మోహనరావు: అలాంటివాళ్లని చూశావా, విన్నావా?

వసంత: చూశాను. నేను ముందు పనిచేసిన స్కూల్లో. ఒకరోజు పదిగంటల వేళ ఇమిగ్రేషన్ వాళ్లూ కార్మిక శాఖవాళ్లూ కలిసి వచ్చారు. తెల్ల చొక్కాలు, చేతిలో పేర్ల లిస్టు. ఆఫీసు అమ్మాయి పరుగెత్తుకొచ్చి ముగ్గురు టీచర్లని క్యాంటీను వెనక గేటు నుంచి పంపేసింది. నాలుగో ఆవిడ పైఅంతస్తులో మూడో తరగతికి భిన్నాలు చెబుతోంది. ఆవిడకి కబురు అందలేదు. బోర్డు మీద సగం గీసిన రొట్టె బొమ్మ అలాగే ఉంది, ఆవిడని కిందకి తీసుకొచ్చారు. స్కూలు మేనేజరు ఏమన్నాడో తెలుసా? "ఆవిడ మా టీచరు కాదు, స్వచ్ఛందంగా వస్తానంటే రానిచ్చాం." ఆవిడ దగ్గర జీతం రసీదు లేదు. డబ్బు కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లు. కేసు, జరిమానా అయ్యాక టికెట్‌కి డబ్బులు సమకూరేదాకా బ్యాంకాక్‌లో సువాన్ ఫ్లూ అనే వీధిలో ఇమిగ్రేషన్ నిర్బంధ కేంద్రం ఉంది, అక్కడుంచారు. మేమందరం తలా కొంత వేసి టికెట్ కొన్నాం. స్కూలు ఒక్క బాత్ ఇవ్వలేదు.

రామ్మోహనరావు: స్వచ్ఛందం అంటే వదిలేశారా?

వసంత: ఎక్కడ వదిలారు! యజమాని ఉన్నా లేకపోయినా, వృత్తిగా ఏది చేసినా పనే అని వాళ్ల చట్టంలో ఉంది. ఆ ముక్క స్కూలుని కాపాడలేదు గానీ, ఆవిడకి రావాల్సిన జీతాన్ని మాత్రం మింగేసింది.

రామ్మోహనరావు: థాయిలాండ్ చిన్న దేశం. చైనాలో ఇలాంటి ఆటలు సాగవు. అక్కడ చట్టం గట్టిది.

వసంత: గట్టిదే. అక్కడ జడ్ వీసా, దాని మీద వర్క్ పర్మిట్, నివాస అనుమతి ఉండాలి. 2013 జులై నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, లేకుండా పని చేస్తే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా, తీవ్రమైతే దానికి తోడు అయిదు నుంచి పదిహేను రోజులు లోపల వేస్తారు. చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థి అనుమతించిన హద్దు దాటి పని చేసినా అక్రమమే. మన మెడికల్ విద్యార్థులు వెళ్లే దేశం కాబట్టి చెబుతున్నాను, సాయంత్రం పూట కిండర్‌గార్టెన్‌లో ఇంగ్లీషు పాటలు చెప్పినా ఆ గీత దాటినట్టే. యజమానికి మనిషికి 10,000 యువాన్లు, ఎంతమందిని పెట్టుకున్నా మొత్తం లక్ష దాటదు. మీరు లెక్కల మాస్టారు. ఇరవైమందిని పెట్టుకున్న స్కూలుకి తలకి ఎంత పడింది?

రామ్మోహనరావు: అయిదు వేలు.

వసంత: అంటే టీచరుకి పడే అతి తక్కువ జరిమానాతో సమానం. టోకున కొంటే ధర తగ్గినట్టు, టోకున తప్పు చేస్తే జరిమానా తగ్గుతుంది. అక్రమంగా సంపాదించింది ఉంటే లాక్కుంటారు, అది వేరే సంగతి. ఇంకోటుంది. వర్క్ పర్మిట్ లేని విదేశీయుడు కోర్టుకి వెళ్లి "వీళ్లు నా యజమానులు, మాకు ఉద్యోగ ఒప్పందం ఉంది" అంటే కోర్టు ఆ ఉద్యోగ సంబంధాన్నే ఒప్పుకోదు. అక్కడి సుప్రీంకోర్టు 2021 నుంచి అమల్లో పెట్టిన వివరణలో ఆ మాట రాసే ఉంది, అంతకుముందూ అదే మాట. ఉద్యోగమే లేదన్నాక ఉద్యోగం నుంచి తీసేసిన నష్టపరిహారం ఎక్కణ్ణుంచి వస్తుంది?

రామ్మోహనరావు: దొంగసొమ్ము పోయిందని స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వగలమా?

వసంత: పాఠం చెప్పింది నిజం కదా మావయ్యా. పిల్లలు నేర్చుకున్నదీ నిజం. తల్లిదండ్రులు కట్టిన ఫీజూ నిజం. అంతా నిజమై జీతం ఒక్కటే దొంగసొమ్ము ఎలా అవుతుంది?

దీనికి ఆయన వెంటనే జవాబివ్వలేదు. లోపల్నుంచి కాఫీలు వచ్చాయి. తాగుతూ ఆయనే మెల్లగా అన్నారు.

రామ్మోహనరావు: సరే, నీ దారినే పోదాం. యజమానినే పట్టుకుని శిక్షించే చోట టీచర్లు బాగుపడ్డారా?

వసంత: దుబాయ్ వైపు ఆ దారి పట్టారు. 2024లో చట్టం మార్చి, పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకునే యజమానికి లక్ష దిర్హాములనుంచి పది లక్షల దాకా జరిమానా అన్నారు. అది నాకు నచ్చింది. కానీ మీరు అడిగినదానికి నిజాయితీగా చెప్పాలంటే అమెరికా సంగతి చెప్పాలి, అది నాకు ఎదురు తిరుగుతుంది.

రామ్మోహనరావు: చెప్పు చెప్పు.

వసంత: మేరీలాండ్‌లో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ అని వాషింగ్టన్ పక్కనే ఉంటుంది. అక్కడి బళ్లకి టీచర్లు చాలక హెచ్-1బి మీద విదేశాల నుంచి తెచ్చుకున్నారు, ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్లు. అందరికీ వీసాలున్నాయి, అంతా సక్రమం. కానీ వీసా అర్జీ ఫీజులు, లాయరు ఖర్చులు యజమాని పెట్టుకోవాలన్నది అక్కడి నియమం. బళ్ల యాజమాన్యం వాటిని టీచర్ల చేతే కట్టించింది. కేంద్ర కార్మిక శాఖ పట్టుకుంది. 2011లో రాజీ కుదిరింది. 1,044 మంది టీచర్లకి మొత్తం 42 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వాలి, పైన లక్ష డాలర్ల జరిమానా, రెండేళ్ల పాటు విదేశీ టీచర్ల కోసం అర్జీలు పెట్టకూడదు.

రామ్మోహనరావు: శభాష్! అదీ చట్టమంటే.

వసంత: ఆగండి. అర్జీలు పెట్టకూడదంటే కొత్తవే కాదు, పాతవాళ్ల పొడిగింపులూ ఆగిపోయాయి. గడువు తీరిన టీచరుకి వేరే జిల్లా వాళ్లు ఉద్యోగమిస్తే సరి. లేకపోతే తలకి నాలుగు వేల డాలర్లు చేత పుచ్చుకుని పెట్టె సర్దుకోవడమే. అప్పటికే పిల్లల్ని అక్కడి బళ్లలో వేసినవాళ్లున్నారు. తప్పు చేసింది యాజమాన్యం, డబ్బు పోగొట్టుకుంది టీచర్లు, రాజీ తమకి అనుకూలంగా కుదిరాక ఊరొదిలిందీ టీచర్లే.

రామ్మోహనరావు: చూశావా మరి. యజమానిని కొడితే అది వచ్చి టీచరుకే తగిలింది. నువ్వు కోరే చట్టం వస్తే అయ్యేది అదే.

వసంత: యజమానిని కొట్టినందువల్ల కాదు. టీచరు వీసా ఆ యజమాని గుంజకి కట్టేసి ఉండటం వల్ల. ఇప్పుడు అమెరికాలో హెచ్-1బి వాళ్లకి ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి అరవై రోజులిస్తారు, 2017 నుంచి. చాలదు, కానీ ఉంది. నొంతబురిలో నా పర్మిట్‌లో స్కూలు పేరు, అడ్రసు, చేసే పని రాసి ఉంటాయి. నేను మానేస్తే నా ఒక ఏడాది పొడిగింపు ఆ రోజుతో ఆఖరు. సక్రమంగా ఉన్న నాకే అంత. పనిలో మోసపోయానని చెప్పుకున్న టీచరుకి, ముందు పర్మిట్ ఉన్నా లేకపోయినా, ఇంకో స్కూలు చూసుకునే గడువు ఇస్తే ఈ నాలుగో పేరాలు రాసే ధైర్యం ఎవరికీ ఉండదు.

రామ్మోహనరావు: అంటే నేరం చేసినవాళ్లకి బహుమానం ఇమ్మంటావు. అలా ఇస్తే ఏజెంటు అదే అమ్ముకుంటాడు. "వెళ్లండమ్మా, పట్టుబడితే కంప్లైంట్ ఇవ్వండి, వేరే ఉద్యోగం ఇస్తారు." 2019లో మిషిగన్‌లో ఏమైంది? ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని అమెరికా ప్రభుత్వమే ఉత్తుత్తి కాలేజీ పెట్టింది. క్లాసుల్లేవు, మాస్టర్లు లేరు. ఫీజు కడితే వీసా నిలబడుతుందని చేరారు. 129 మంది మన దేశంవాళ్లని అదుపులోకి తీసుకున్నారు, అందులో ఎక్కువ మంది తెలుగువాళ్లు. మాకేం తెలియదన్నారు. పాఠం లేని కాలేజీ అని తెలియదా?

వసంత: కొందరికి తెలుసు. కొందరు బదిలీ అడిగినా దారి దొరకనివాళ్లు. కానీ అక్కడ చేర్పించిన ఎనిమిది మంది మీద కేసు పెట్టి నేరం ఒప్పించారు. వాళ్లూ మనవాళ్లే. నేను అడిగేది అదే. ఇక్కడ, తెనాలిలో, ఈ కాగితం పంపినవాడికి ఏం శిక్షో తెలుసా? మన 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని విదేశీ ఉద్యోగాలకి పంపితే రెండేళ్ల దాకా జైలు. జరిమానా ఎంతనుకుంటున్నారు?

రామ్మోహనరావు: రెండు లక్షలా?

వసంత: రెండు వేలు. రెండు వేల రూపాయల దాకా.

ఆయన ఆ అంకె రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. అప్పటిదాకా ఆయన గొంతులో లేని కోపం అప్పుడొచ్చింది. ఆ అమ్మాయి మీద ఆయన ఇంతసేపూ చూపించిన కాఠిన్యం ఆ కోపంలో కరిగిందని రాయడం నాకు సుఖంగా ఉండేది. కరగలేదు. కోపానికి ఇంకో మనిషి తోడయ్యాడంతే.

రామ్మోహనరావు: ఈ పిల్ల దగ్గర ఎంత అడిగాడట?

వసంత: లక్షా ఇరవై వేలు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీసు ఛార్జీ ముప్ఫై వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించకూడదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో రిజిస్టరైన ఏజెంట్ల పేర్లు లైసెన్సు నంబరుతో సహా చూసుకోవచ్చు. వీడి పేరు అందులో లేదు, ఇందాక చూశాను. థాయిలాండ్ కూడా ఎమిగ్రేషన్ క్లియరెన్సు అడిగే పద్దెనిమిది దేశాల్లో ఉంది. కానీ టెన్త్ పాసైనవాళ్ల పాస్‌పోర్టుకి ఆ తనిఖీ అక్కర్లేదు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కి కూలికి వెళ్లేవాడినైనా ఎయిర్‌పోర్టులో ఒకరు ఆపి అడుగుతారు. బీఎడ్ చదివిన పిల్లని ఎవరూ అడగరు. చదువుకుంది కదా, తనే చూసుకుంటుందని. గల్ఫ్‌లో ఖల్లివల్లి అయినవాడికి, అంటే కాగితాలు లేకుండా మిగిలిపోయినవాడికి, ఆమ్నెస్టీ వస్తే కూలీలందరూ కలిసి వస్తారు, సంఘాలున్నాయి, ఊళ్లో వాళ్ల గురించి మాట్లాడేవాళ్లున్నారు. దొంగచాటు టీచరుకి ఎవరున్నారు? ఇంటికి ఫోన్ చేసి కూడా చెప్పదు, పరువు.

రామ్మోహనరావు: పోయినేడాది మార్చిలో మయన్మార్ సైబర్ మోసాల శిబిరాల్నుంచి రెండు మిలిటరీ విమానాల్లో 549 మందిని తెచ్చారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్లూ థాయిలాండ్‌లో ఉద్యోగమనే బయల్దేరారు. ఈ పిల్ల తండ్రికి నేను చెప్పబోయేది అది.

వసంత: అది చెబితే భయపడి మానేస్తాడు, అది చాలదు. వచ్చే ఏడాది ఇంకో ఏజెంటు వస్తాడు. ఏం అడగాలో చెప్పండి. స్కూలు పేరు మీద నేరుగా లెటరు కావాలి, ఏజెన్సీ పేరు మీద కాదు. నాన్-బి వీసాకి కావాల్సిన కాగితాలు ఇండియాలో ఉండగానే పంపాలి, వీసా ఇక్కణ్ణుంచే ఆన్‌లైన్లో పెట్టుకుంటుంది. డిగ్రీ అటెస్టేషన్, పోలీసు క్లియరెన్సు అడగని స్కూలైతే అదే అనుమానం. వర్క్ పర్మిట్ చేతికి వచ్చేదాకా క్లాసు లేదు, ఆ మధ్య రోజులకి స్కూలే బస చూపించాలి. వీటికి సరేనంటే వెళ్లమనండి. మంచి స్కూళ్లున్నాయి మావయ్యా, నేను ఊరికే ఇన్నేళ్లు ఉండలేదు.

రామ్మోహనరావు: ఇవన్నీ అడిగితే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తారు.

వసంత: ఇస్తారు.

రామ్మోహనరావు: ఆ ఇంకొకరు కూడా సంతకం పెట్టకపోతేనే ఆ స్కూలుకి బుద్ధి వచ్చేది. అందుకే శిక్ష టీచరుకీ ఉండాలంటున్నాను. భయం లేకపోతే ఎవరో ఒకరు పెడతారు.

వసంత: భయం ఇప్పుడు మాత్రం లేదా? గడువు దాటి చిక్కితే అయిదేళ్ల నిషేధం ఉంది, యాభై వేల జరిమానా ఉంది, లోపల పెట్టే గది ఉంది. అయినా పెడుతున్నారు. ఇక్కడ పద్నాలుగు వేలు, అక్కడ డెబ్బై వేలు. మీ భయం ఈ తేడా కంటే పెద్దదిగా ఉండాలంటే ఇంకెంత పెంచుతారు?

రామ్మోహనరావు: అది వేరే వాదన. ఇక్కడి జీతాల సంగతి నన్ను అడక్కు, ప్రైవేటు స్కూళ్ల మీద నాకు నీకంటే ఎక్కువ మంట. సరేగానీ, ఆ భిన్నాలు చెబుతున్న టీచరు. ఆవిడ వెళ్లాక ఆ మూడో తరగతి ఏమైంది?

వసంత: రెండు రోజులు ఆటల పీరియడ్ ఇచ్చారు. సోమవారానికల్లా ఇంకొకావిడని తెచ్చారు, ఫిలిప్పీన్స్ నుంచి.

రామ్మోహనరావు: కాగితాలతోనా?

వసంత: ప్రాసెస్‌లో ఉన్నాయన్నారు.